వర్క్‌షాప్ షెడ్డుకు ఇన్సులేషన్: ఇప్పటిదాకా తేలినవి

కాంక్రీటు నేల ఆరింది, ఇనుప ఫ్రేము నిలబడింది. రేకులు ఇంకా బిగించలేదు. 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు. చలికాలంలో హీటర్ పెట్టుకుని చెక్కపని, అప్పుడప్పుడు వెల్డింగ్ చేసుకోవడానికి ఈ షెడ్డు. రేకు పడ్డాక వెనక్కి వెళ్లలేం కాబట్టి, గోడల్లో ఏం పెట్టాలో ముందే తేల్చుకోవాలి.

ముందు లెక్క. గోడలు 50 చదరపు మీటర్లు, కప్పు 24. బయట 0 డిగ్రీలు, లోపల 20 అనుకుందాం. ఉత్త రేకు అయితే చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు, 6 వాట్ల దాకా బయటికి పోతుంది. మొత్తం 8,900 వాట్ల దరిదాపుల్లో. 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచుతో చేసిన పలక) వేస్తే అది 1,000 లోపుకు దిగుతుంది. 100 వేస్తే సుమారు 520, 150 వేస్తే 350. మొదటి 50 మి.మీ. చేసే పని ముందు ఆ తర్వాత వేసేదంతా చిల్లర కిందే లెక్క.

ఇప్పుడు గాలి సంగతి చూడండి. లోపల 60 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. సందుల్లోంచి గంటకోసారి అదంతా మారిపోతే, మళ్లీ వేడెక్కించడానికే 400 వాట్లు కావాలి. 100 మి.మీ. రాక్‌వూల్ ఉన్న గోడలు, కప్పు కలిపి వదిలేదానికి కాస్త తక్కువ, అంతే. అందుకే మందం 100 దగ్గర ఆపేశాను. మిగిలిన డబ్బు, ఓపిక సందులు మూయడానికి.

సరుకు విషయానికొస్తే, థర్మోకోల్ చవక, తేలిక, దొరకని చోటు లేదు. కానీ 80 డిగ్రీలు దాటితే మెత్తబడిపోతుంది. వెల్డింగ్ రవ్వలు పడేచోట దాన్ని పెట్టుకుని టెన్షన్ పడటం నా వల్ల కాదు. ఇంకో చిక్కు: పీవీసీ వైరు థర్మోకోల్‌కు ఆనుకుని ఉంటే, వైరు తొడుగులోని మెత్తదనాన్నిచ్చే రసాయనం మెల్లగా థర్మోకోల్‌లోకి దిగుతుంది. తొడుగు పెళుసెక్కుతుంది, థర్మోకోల్ కరిగి గుంట పడుతుంది. వాడేవాళ్లు వైర్లన్నీ పైపులో వేసుకోవాలి.

స్ప్రే ఫోమ్ సందుల్లోకి కూడా దూరిపోతుంది, రేకును గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టే నాకు నచ్చలేదు. రేపు ఒక రేకు మార్చాలంటే గీకి గీకి చావాలి. వెండి రంగు బబుల్ షీటు ఒక్కటే చాలని చెప్పేవాళ్లూ తగిలారు. దాని ముందు ఖాళీ జాగా ఉంటేనే మెరుపు పనిచేస్తుంది. రేకుకు అంటించేస్తే మిగిలేది ఆ కొద్దిపాటి మందం మాత్రమే.

చివరికి ఫ్రేము మధ్యలో 100 మి.మీ. రాక్‌వూల్ ఖాయం. మంటకు లొంగదు, గ్రైండర్ మోతనూ కొంత మింగుతుంది. ఒక పలక తెచ్చి కోసి చూశాను. పళ్లున్న పొడవాటి కత్తికి శుభ్రంగా తెగుతుంది. ఖాళీ కంటే 10 మి.మీ. వెడల్పుగా కోస్తే మేకు లేకుండానే బిగుసుకుని నిలబడుతుంది. స్విచ్ బాక్సు వచ్చేచోట వెనక్కి నొక్కేయకుండా, బాక్సు కొలతకు గాడి చెక్కాలి. మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

అసలు తలనొప్పి ఇనుప ఫ్రేముతోనే. ఇనుము చెక్క కంటే దాదాపు 400 రెట్లు ఎక్కువగా వేడిని మోసుకుపోతుంది. ఎంత రాక్‌వూల్ కూరినా ప్రతి నిలువు కడ్డీ చల్లగా ఉండిపోతుంది. 20 డిగ్రీల గదిలో తేమ 50 శాతం ఉంటే, 9 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేనిమీదైనా నీళ్లు పట్టేస్తాయి. అంటే కడ్డీల వెంట చెమ్మ, తర్వాత తుప్పు, ఉలులకూ రంపాలకూ అదే గతి. దీనికి మందు, ఫ్రేము మీదుగా లోపలివైపు ఎక్కడా తెగకుండా 30 మి.మీ. పీఐఆర్ బోర్డు (గట్టి ఫోమ్ పలక). రెండువైపులా అల్యూమినియం పొర ఉన్న రకం కాబట్టి, అతుకుల మీద ఫాయిల్ టేపు వేస్తే ఆవిరినీ గాలినీ అదే ఆపుతుంది, వేరే పాలిథిన్ షీటు అక్కర్లేదు. దానిపైన జిప్సం బోర్డు, 12.5 మి.మీ.ది. ఫోమ్ బోర్డును బయటికి కనబడేలా వదిలేయకూడదు, నిప్పు అంటుకుంటే పొగ భయంకరంగా ఉంటుంది.

బయటి రేకు అంచుల్ని మాత్రం మూయను. చాలామంది అక్కడ ఫోమ్ కొట్టి బిగిస్తారు, నాకది సరైన పద్ధతి అనిపించదు. రాక్‌వూల్‌కు బయటివైపు బ్రీదర్ మెంబ్రేన్ (నీళ్లను ఆపి ఆవిరిని పోనిచ్చే పలుచని పొర) కట్టి, రేకు అలల్లో కిందనుంచి పైకి గాలి ఆడనిస్తే, లోపలికి చేరిన తేమ ఆరిపోతుంది. ఎలుకలు దూరకుండా కింద సన్నటి జాలీ చాలు.

హీటర్ కూడా దీనితో ముడిపడిందే. పొగగొట్టం లేని గ్యాస్ హీటర్‌లో కిలో ప్రొపేన్ కాలితే 1.6 కిలోల నీటి ఆవిరి గదిలోకే వస్తుంది. ఇంత కష్టపడి కట్టిన గదిలో అది వద్దు, పైగా విషవాయువు భయం. కరెంటు హీటర్ ఒకటి, 2,000 వాట్లది, సరిపోతుంది.

నేలకు 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ (బరువు మోయగల గట్టి ఫోమ్ పలక), పైన రెండు పొరల ప్లైవుడ్. మిషన్లు నిలబడేచోట 300 కిలోపాస్కల్ ఒత్తిడిని తట్టుకునే రకం తీసుకుంటున్నాను.

జిప్సం బోర్డు ఎక్కించే ముందు, గాలి బాగా వీచే రోజు చూసి, అగరుబత్తి వెలిగించి అతుకుల వెంట తిప్పాలి. పొగ వంగినచోట ఇంకో పట్టీ టేపు. తేలనిది తలుపు ఒక్కటే. పైకి చుట్టుకునే షట్టర్‌కు పక్కల సందులు మూయడం కష్టం. రెండు రెక్కల తలుపు చేసి, మధ్యలో పీఐఆర్ ముక్కలు పెట్టి, చుట్టూ రబ్బరు బీడింగ్ వేద్దామనుకుంటున్నాను. బరువు ఎంతవుతుందో లెక్కేసి బందులు ఎన్ని కావాలో చూడాలి.