అరుంధతి కనిపించే చోటు కోసం అరకు వెళ్ళొచ్చాం

మా పెళ్ళికి 70 మందే అని చెప్పిన రోజు నుంచి ఇంట్లో సగం మంది నాతో ముభావంగానే ఉన్నారు. నాన్న 32 ఏళ్ళు లెక్కల మేష్టారుగా చేశారు, విజయనగరం చుట్టుపక్కల ఆయన పనిచేసిన ప్రతి ఊళ్ళోనూ పిలవాల్సినవాళ్ళు ఉన్నారు, ఆయన రాసిన మొదటి లిస్టు 430 దగ్గర ఆగింది. నేనూ, నన్ను చేసుకోబోయే అబ్బాయీ కోరుకున్నది ఒక్కటే, వచ్చిన ప్రతి మనిషితోనూ కూర్చుని మాట్లాడగలిగే పెళ్ళి. చివరికి ఊళ్ళోవాళ్ళందరికీ పదహారు రోజుల పండక్కి భోజనాలు పెట్టేట్టు, పెళ్ళి మాత్రం దగ్గరివాళ్ళతోనే చేసేట్టు ఒప్పందం కుదిరింది.

అరకు ఆలోచన మాత్రం నాది కాదు, నానమ్మ వల్ల వచ్చింది. ఒకరోజు రాత్రి డాబా మీద కూర్చుని పెళ్ళి తంతు గురించి మాట్లాడుకుంటుంటే అంది, "నా పెళ్ళి పట్టపగలు అయింది. పంతులుగారు పైకి చూపించి అరుంధతి కనపడిందా అమ్మా అన్నారు, కనపడింది అన్నాను. ఎండ తప్ప ఏటి కనపడతాది?" ఆ పెళ్ళయి 61 ఏళ్ళు. ఆ తర్వాత కూడా ఎవరూ చూపించలేదట, తనూ అడగలేదట. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ముహూర్తం మాఘమాసంలో రాత్రి 11.40కి. విజయనగరంలో ఏ కల్యాణమండపంలో చేసినా లైట్ల వెలుతురులో చుక్కలు కనిపించవు. చీకటిగా ఉండే కొండ ప్రాంతం కావాలి, చుట్టాలు ఒక్క పూటలో చేరుకోగలగాలి, నానమ్మ మోకాళ్ళకి పనికిరావాలి. అలా అరకు తేలింది. డిసెంబరు రెండో వారంలో నేను, నాన్న, మావయ్య చోటు వెతకడానికి బయల్దేరాం.

చుట్టాలు ఎలా వస్తారో చూడాలి కాబట్టి కారు వద్దనుకుని విశాఖలో కిరండూల్ పాసింజరు ఎక్కాం. ముందురోజు రాత్రి మర్రిపాలెంలో పిన్ని వాళ్ళింట్లో పడుకుని, తెల్లారకుండానే స్టేషనుకి వెళ్ళాం, ఎందుకంటే బండి ఏడు కాకముందే కదిలిపోతుంది. మేము ఎక్కింది పెద్ద పెద్ద అద్దాలున్న విస్టాడోమ్ పెట్టె. ఎస్.కోట, అదే శృంగవరపుకోట, దాటాక కొండ మొదలవుతుంది. శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, ఒక్కో స్టేషనుకీ చెవులు దిబ్బడలు వేయడం, చలి పెరగడం తెలుస్తుంటుంది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ లైన్లో 58 సొరంగాలున్నాయి, పిల్లలు ప్రతి సొరంగంలోనూ అరుస్తూనే ఉన్నారు. అసలు ఈ లైను వేసింది ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి, మనుషుల కోసం కాదు. ఆ సంగతి మధ్యలో బాగా అర్థమైంది, ఎదురుగా ఖనిజం నింపుకున్న గూడ్సు వస్తుంటే మా బండిని చిన్న స్టేషన్లో ఆపేశారు. ఒక్కో వ్యాగనూ ఎర్రటి దుమ్ముతో వెళ్తుంటే మావయ్య వాచీ చూసుకుని, "బావా, పెళ్ళి రోజున బండి దిగి నేరుగా పీటల దగ్గరికి అనుకునేవాళ్ళకి ఇది కుదరదు, అందరూ ముందురోజే దిగాలి" అన్నాడు. మా ప్లానులో మొదటి నిర్ణయం అదే.

నాన్న ప్రతిచోటా నానమ్మ కళ్ళతో చూశారు. పెట్టె మెట్లు ఎన్ని, ప్లాట్‌ఫారానికీ మెట్టుకీ ఎత్తు ఎంత, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నారు. ఘాట్ రోడ్డు మలుపులకి నానమ్మకి వాంతులు అవుతాయి, రైలైతే ఆ బాధ లేదు, ఎస్.కోటలో ఎక్కిస్తే విశాఖ దాకా వెళ్ళే శ్రమ కూడా తప్పుతుంది. 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ దాటాక బండి కొద్దిగా దిగి అరకు చేరింది. దిగగానే చేతులు వాటంతటవే జేబుల్లోకి పోయాయి. పగలు పదకొండింటికే ఆ చలి అంటే, ఫిబ్రవరి రాత్రి మండపంలో పట్టుచీరతో కూర్చోవడం ఎలాగా అని నాకు అప్పుడే టెన్షన్ పట్టుకుంది.

మధ్యాహ్నం రెండు రిసార్టులు చూశాం. మొదటిదాంట్లో గదులు బాగున్నాయి కానీ 24 మెట్లెక్కాలి, నాన్న లెక్కపెట్టి పుస్తకం మూసేశారు. రెండోదాంట్లో లాన్ చాలా పెద్దది, చుట్టూ ఫ్లడ్ లైట్లు, డీజే తీసుకోవడం తప్పనిసరి, 150 ప్లేట్లకి తగ్గితే ఒప్పుకోమన్నారు. 70 మందిమే అంటే మిగతా 80 ప్లేట్లకి కూడా డబ్బు కట్టమన్నారు. రాత్రి ఒక గంటసేపు లైట్లు ఆపగలరా అని అడిగితే అతను నన్ను వింతగా చూశాడు. అక్కడే అర్థమైంది, పెద్ద పెళ్ళి చేసే చోటుకి చిన్న పెళ్ళిని తీసుకెళ్తే అది చిక్కిపోయిన పెద్ద పెళ్ళిలా కనిపిస్తుంది తప్ప చిన్న పెళ్ళిలా ఉండదు.

సాయంత్రానికి ఆటో అబ్బాయి మా మాటలు విని, డుంబ్రిగుడ వెళ్ళే దారిలో తనకి తెలిసిన ఇల్లు ఉందని తీసుకెళ్ళాడు. ఒక ఆదివాసీ దంపతులు తమ స్థలంలో ఆరు గదులు కట్టి వచ్చిపోయేవాళ్ళకి ఇస్తున్నారు. ఏజెన్సీలో 1/70 చట్టం వల్ల గిరిజనేతరులు భూమి కొనకూడదు కదా, అందుకని ఏ చోటు చూసినా అది నిజంగా ఎవరిదో అడగడం నాన్నకి పట్టుదల. ఇక్కడ అడగక్కర్లేకుండానే ఆవిడ, "మా మావగారు దున్నిన నేలండి ఇది" అంది. పెద్ద వాకిలి, మధ్యలో పనస చెట్టు, ఒక్క మెట్టు కూడా లేదు. వాకిలి అంచు నుంచి పొలాలు, వలిసె పూలు చివరికొచ్చి అక్కడక్కడ మాత్రమే పసుపు మిగిలింది, ఆ వెనక ఎక్కడో దూరంగా కొండ. రాత్రికి అక్కడే ఉండిపోయాం. చోడి అంబలి, అంటే రాగి అంబలి, కోడికూర పెట్టారు. నాకు కాబోయే ఆయనకి వీడియో కాల్ చేసి చూపిద్దామంటే సిగ్నల్ లేదు, రోడ్డు మీదికి నడిచి వెళ్ళి మాటల్లోనే చెప్పాను.

పొద్దున్నే మాడగడ వెళ్ళి మబ్బుల మీద సూర్యోదయం చూద్దామని నాలుగున్నరకి లేచాం. తలుపు తీస్తే చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. కరెంటు కూడా లేదు. నాన్న టార్చి వెయ్యబోయి ఆగిపోయారు. "అమ్మా, ఇలా రా" అని నా భుజం పట్టుకుని ఈశాన్యం వైపు తిప్పారు. పొలాల పైన, కొండకి బాగా ఎత్తులో సప్తర్షి మండలం, గరిటె నిలబెట్టినట్టుగా. "కాడలో మూడు చుక్కలున్నాయా, మధ్యది వసిష్ఠుడు. దాన్నే చూడు, తొందరపడకు." చూస్తున్నాను, ఒక్క చుక్కే కనిపిస్తోంది. కళ్ళలో నీళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. వసిష్ఠుడికి ఆనుకుని, దాదాపు అతని భుజం మీద, సన్నగా ఇంకో చుక్క. సరిగ్గా దాన్నే గుచ్చి చూస్తే మసకబారుతుంది, చూపు కొద్దిగా పక్కకి జరిపితే మళ్ళీ వెలుగుతుంది. నాకు 29 ఏళ్ళు, ఎన్నో పెళ్ళిళ్ళలో అక్షింతలు వేశాను, అరుంధతిని చూడటం అదే మొదటిసారి. మావయ్య పక్కన నిలబడి, తన పెళ్ళిలో తనూ "కనిపించింది" అనే చెప్పానని మెల్లగా ఒప్పుకున్నాడు.

మాడగడ వెళ్ళలేదు. నాన్న వాకిట్లో మంచం మీద కూర్చుని లెక్క వేశారు, చుక్కలు నెలకి రెండు గంటల చొప్పున ముందుకొస్తాయి, రెండు నెలలకి నాలుగు గంటలు, అంటే ఫిబ్రవరి మధ్యలో రాత్రి పన్నెండున్నర ప్రాంతానికి అరుంధతి సరిగ్గా ఈ చోటులోనే ఉంటుంది. ముహూర్తం 11.40, జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు అయ్యేసరికి ఎలాగూ పన్నెండు దాటుతుంది. "ఇంకేం కావాలి" అన్నారు. చీకట్లో ఆయన గొంతు ఒక్కటే వినపడింది, ఆ గొంతులో 430 మంది లిస్టు గురించిన బాధ ఏమీ లేదు.

తెల్లారాక ఇంటావిడతో కూర్చుని అన్నీ మాట్లాడుకున్నాం. ఆరు గదులూ పెద్దవాళ్ళకి, మిగతావాళ్ళకి అరకులో లాడ్జి గదులు. రాత్రిపూట పొగమంచులో ఎవరూ ఘాట్ రోడ్డు ఎక్కకూడదు, దిగకూడదు. వాకిట్లో రెండు నెగళ్ళు, కొట్టిన చెట్టు కాకుండా రాలిన కట్టెతోనే. గ్యాసు సిలిండర్లు, తమలపాకులు, కొబ్బరిబోండాలు, అడ్డతెర కింద నుంచే తేవాలి. పంతులుగారు వేడినీళ్ళు, విడిగా వండుకోవడానికి చోటు ఉంటే వస్తానన్నారు, రెండూ ఉన్నాయి. విస్తళ్ళు మాత్రం ఇక్కడివే, అడ్డాకులతో కుట్టినవి. ఇంటావిడ ఒకటి తెచ్చి చూపించింది, ఎండిన ఆకుల్ని ఈనెపుల్లలతో ఎంత దగ్గరగా కుట్టారంటే సాంబారు పోసినా కారదు, వేడి అన్నం పడితే వచ్చే వాసన నాకు చిన్నప్పటి పెళ్ళి బంతుల్ని గుర్తుచేసింది. వచ్చినవాళ్ళకి ఇచ్చే సంచిలో గిరిజన సహకార సంస్థ తేనె సీసా, అరకు కాఫీ పొడి పెడదామనుకున్నాం. ఈ కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు పంటగా భౌగోళిక గుర్తింపు, వచ్చింది, కానీ నాకు ముఖ్యం అది కాదు, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఎర్రటి పళ్ళు కోస్తున్న ఆడవాళ్ళని దారి పొడుగునా చూశాం, వాళ్ళు పండించింది మా చుట్టాల ఇళ్ళకి వెళ్ళాలి.

ఇక్కడి గిరిజనులు వరస కట్టి ఆడే థింసా నాట్యం గురించి చెప్పాలి. అరకులో పెళ్ళి అనగానే అందరూ అడిగేది అదే, థింసా పెట్టిస్తున్నారా అని. మనం తింటూ ఉంటే పక్కన వాళ్ళు ఆడటం నాకు ఇష్టం లేదు. ఇంటావిడని అడిగితే, "మేం పెళ్ళిళ్ళకి ఆడతాం, పిలిస్తే వస్తాం, మీరూ చేతులు కలిపి ఆడాలి" అంది. ఒకరి నడుము వెనక నుంచి ఇంకొకరి చెయ్యి పట్టుకుని వరస కట్టడం వాకిట్లోనే నాకు నేర్పించింది. వాళ్ళకి ఇవ్వాల్సిన డబ్బు వేరు, బంతిలో మాతోపాటు కూర్చోవడం వేరు, రెండూ ఉంటాయి. అంటే మన లిస్టు 70 నుంచి 85 అయింది. ఆ 15 మందిని కలపడానికి నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మధ్యాహ్నం సంతకి వెళ్ళాం. అల్లం, రాజ్మా, పసుపు కొమ్ములు, ఎండుచేపలు దాటి ఒక మూల వెదురు సామాన్లు అమ్మే ముసలాయన దగ్గర మావయ్య ఆగాడు. నన్ను గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసేది ఆయనే, ఆ గంప కింద ఊళ్ళో అద్దెకి తెచ్చేది కాకూడదని ఆయన కోరిక. ముసలాయన నన్ను పైనుంచి కిందికి చూసి, మోసేది ఎంతమంది అని మావయ్యని అడిగాడు. ఇద్దరం అంటే, ఉన్న గంపని పక్కన పెట్టేసి కొత్తది అల్లుతానన్నాడు. అడుగుకి మందం బద్దలు, అంచు రెండు వరసలు, పట్టుకోవడానికి రెండు వైపులా చెవులు. చీర చిరగకుండా లోపలి బద్దల్ని నున్నగా చెక్కాలని మావయ్య చెప్తే, ఆయన చేతిలో ఉన్న బద్దని నా అరచేతి మీద రుద్ది చూపించాడు, నిజంగానే నున్నగా ఉంది. వచ్చే సంతకి తయారుగా ఉంటుందన్నాడు. అడ్వాన్సు ఇవ్వబోతే వద్దన్నాడు.

తిరుగు ప్రయాణం జీపులో, అనంతగిరి మీదుగా. గాలికొండ దగ్గర ఆగి కాఫీ తాగాం, బొర్రా గుహల్లోకి వెళ్ళే టైము లేదు. చుట్టాలకి మాత్రం పెళ్ళి మర్నాడు గుహలు చూపించాలని నాన్న పుస్తకంలో రాసుకున్నారు, పక్కనే మెట్లు చాలా అని కూడా.

ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. నానమ్మ పడుకోలేదు. మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను, వాకిలి, పనస చెట్టు, మెట్లు లేకపోవడం, ఎస్.కోటలో రైలు ఎక్కడం. చుక్క సంగతి చెప్తుంటే నాన్న అందుకుని, వసిష్ఠుడి పక్కన ఎంత సన్నగా ఉంటుందో వేలి గోరు చూపించి చెప్పారు. నానమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది కానీ ఎడమ కంటికి రెండేళ్ళుగా అదిగో ఇదిగో అంటూ వాయిదా వేస్తోంది, ఎవరు చెప్పినా వినలేదు.

"అంత సన్నగా ఉంటే ఒక్క కన్ను చాలదురా" అంది నాన్నతో. "సంక్రాంతి లోపల రెండోది కూడా చేయించీండి."