సౌత్ హాంప్టన్ అనే ఊరు లేదట

"సౌత్ హాంప్టన్ ఏంటి? అలాంటి ఊరే లేదు. సౌథాంప్టన్ అను." ఇంగ్లండ్‌లోని పార్సిల్ డిపోలో నేను ఫోన్ పెట్టేయగానే మా సూపర్‌వైజర్ అందరి ముందూ అన్న మాట. లేని ఊళ్ళో జీతం పుచ్చుకుంటున్నానన్నమాట.

ఆయన లెక్క ఇదీ. సౌత్, హాంప్టన్ కలిసినప్పుడు రాతలో ఒక 'హెచ్' పోయింది. పలకడంలో 'థ' వెళ్ళి రెండో ముక్కలో కూర్చుంది: సౌ-థాంప్-టన్. నొక్కాల్సింది ఆ 'థాం' మీద. నార్థాంప్టన్ కూడా అంతే. అంటే రెండు ఊళ్ళకీ తేడా తెలిపే మొదటి ముక్కని తేలిగ్గా వదిలేసి, రెంటికీ ఉమ్మడిదైన 'థాంప్టన్'ని గట్టిగా అనాలి. వ్యాన్ రొదలో ఉన్న డ్రైవర్‌కి ఏది వినపడాలండీ? సౌత్ అని విడిగా, స్పష్టంగా అన్నందుకా నాకు మందలింపు?

పోనీ సూత్రం పట్టుకుందామంటే అదీ లేదు. సౌత్ఎండ్‌ని అతుకు దగ్గరే విరిచి సౌత్-ఎండ్ అంటారు. లండన్‌లో 'సదక్' అని విని బోర్డు చూస్తే సౌత్‌వార్క్ అని ఉంటుంది. సౌత్ నుంచి వచ్చిన మాటే సదర్న్. నార్విచ్ అని రాసి నారిజ్ అంటారు. నార్ఫక్, సఫక్ అనే జిల్లాల పేర్లంటే ఉత్తరపు జనం, దక్షిణపు జనం. ససెక్స్ జిల్లా దక్షిణ సాక్సన్లది (సాక్సన్లంటే అక్కడి పాతకాలపు తెగ), ఎసెక్స్ తూర్పు సాక్సన్లది. వందల ఏళ్ళుగా దిక్కుల్ని నమిలి మింగినవాళ్ళకి నా ఒక్క 'హ' అడ్డొచ్చింది!

మన దగ్గర ఉత్తరాంధ్ర అని సంధి చేసినా ఉత్తరం చెక్కుచెదరదు. మా అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో "తల ఎటు పెట్టి పడుకుంటున్నావురా?" అని అడుగుతుంది. అద్దె గదిలో మంచం ఎటు పడితే అటే, అయినా దక్షిణం అనే చెప్తాను. (తూర్పు గోదావరిని మేం 'తూగో' చేసేశాం కదా అని ఎవరూ గుర్తు చేయకండి. అది ముద్దుపేరు, దాని సంగతి వేరు.)

ఇప్పుడు డ్రైవర్లకి ముందు పోస్ట్‌కోడ్ చెప్తున్నాను. సౌథాంప్టన్‌కి ఎస్ఓ, నార్థాంప్టన్‌కి ఎన్ఎన్. ఊరి పేరు అడిగితే తప్ప నోరెత్తను. సూపర్‌వైజర్ మాత్రం ఎదురైనప్పుడల్లా అడుగుతూనే ఉంటాడు.