రాడ్డు మంచిదే, జాయింటే తినేస్తోంది

యాసంగి నాట్లు మొదలయ్యాయంటే కోదాడలోని నా రిపేరు షాపుకి వాటర్ హీటర్ రాడ్లు వరసకడతాయి. "నీళ్లు కాగట్లేదు" అన్నది అందరిదీ ఒకటే మాట. తీరా చూస్తే చాలా రాడ్లకు ఏమీ అయ్యుండదు.

మొన్న ఒక పెద్దమ్మ 1500 వాట్ల రాడ్డు తెచ్చింది. ప్లగ్గు పిన్నులకు మల్టీమీటరు పెడితే 35 ఓమ్‌లు చూపించింది. వోల్టేజీని దాంతోనే గుణించి వాట్లతో భాగిస్తే రెసిస్టెన్స్, అంటే కరెంటుకు తీగ పెట్టే అడ్డు, ఓమ్‌లలో వస్తుంది. ఇంటి కరెంటు 230 వోల్టులు ఉండాలి, కాబట్టి 230 ఇంటూ 230 బై 1500 అంటే 35.27. మీటరూ, లెక్కా కలిశాయి. అదే 53 ఓమ్‌లు వచ్చి ఉంటే స్టిక్కరు మీద 1500 అని ఉన్నా అది వెయ్యి వాట్ల సరుకే. అలాంటివీ బజార్లో దొరుకుతాయి. ఈ పరీక్ష పాత ఫిలమెంటు బల్బుకి మాత్రం పనికిరాదు. వంద వాట్ల బల్బుకి లెక్కలో 529 ఓమ్‌లు రావాలి, చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే 40 దగ్గర చూపిస్తుంది. వెలిగి బాగా వేడెక్కాకే బల్బులోని టంగ్‌స్టన్ తీగ రెసిస్టెన్స్ అంతగా పెరుగుతుంది. రాడ్డులో ఉండే నైక్రోమ్ తీగలో ఆ తేడా చాలా తక్కువ.

"రాడ్డు బాగానే ఉంది పెద్దమ్మా" అంటే నమ్మదే! "నిరుడు అరగంటలోపే కాగేవి నాయనా" అంది. సరే, పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను.

రాడ్డు పెట్టి బాత్రూం సాకెట్ దగ్గర చూస్తే 180 వోల్టులు. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్లో 5.1 యాంపులు. (క్లాంపు ఒక్క వైరుకే పెట్టాలి. రెండూ కలిపి పడితే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది.) 180ని 5.1తో గుణిస్తే 918 వాట్లు. వోల్టేజీ తగ్గింది అయిదో వంతే, వేడి తగ్గింది మూడో వంతు పైనే. వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తగ్గుతుంది కాబట్టి దెబ్బ రెండు వైపులా పడుతుంది. ఇరవై లీటర్ల బకెట్టు 25 డిగ్రీల నుంచి 50కి రావడానికి 23 నిమిషాలు చాలేది, ఇప్పుడు 38 పడుతుంది.

"పోన్లే, బిల్లన్నా తగ్గుద్ది" అంది పెద్దమ్మ. తగ్గదు. ఆ నీళ్లకు కావాల్సింది ఎలాగైనా 0.58 యూనిట్లే. నెమ్మదిగా కాగితే పైన ఆవిరికి పోయే వేడి ఇంకా ఎక్కువ.

అసలు సంగతి మెయిన్ బోర్డు దగ్గర బయటపడింది. రాడ్డు నడుస్తుండగానే అక్కడ 192 ఉంది. అంటే మధ్యలో 12 వోల్టులు ఎక్కడో పోతున్నాయి. 12ని 5.1తో భాగిస్తే 2.35 ఓమ్‌లు. అంత చిన్న ఇంట్లో రాగి వైరుకు అంత రెసిస్టెన్స్ ఉండదు. 12ని 5.1తో గుణిస్తే 61 వాట్లు, అదంతా ఒక్కచోటే వేడెక్కుతోంది. మెయిన్ ఆఫ్ చేసి జంక్షన్ బాక్సు మూత తీస్తే, చేత్తో మెలేసి టేపు చుట్టిన జాయింటు నల్లగా మాడిపోయి ఉంది. కాలిన వైరు కోసేసి, గట్టి కనెక్టరు వేశాను.

ఇప్పుడు సాకెట్ దగ్గర 191 వస్తోంది, బకెట్టుకు 34 నిమిషాలు. చుట్టుపక్కల పొలాల మోటార్లన్నీ ఒకేసారి లాగుతుంటే ఇంతకుమించి రాదు. మోటారు హీటర్ లాంటిది కాదు, లో వోల్టేజీలో కరెంటు ఇంకా ఎక్కువ లాగుతుంది, లైను ఇంకా పడిపోతుంది. ఆ మిగతా 40 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ వాళ్లు చూడాల్సినవని పెద్దమ్మకి చెప్పి, కనెక్టరు డబ్బులు మాత్రం తీసుకుని వచ్చాను.