ఏడు అలంకారాలు, 650 అడుగులు

పొద్దున్నే నడిచేవాళ్లలో ప్రతి ఒక్కరికీ పైకి చెప్పని ఆట ఒకటి ఉంటుందని నా అనుమానం. మా అక్కయ్య కాలిబాట పలకల మధ్య గీతలు తొక్కకుండా నడుస్తుంది. నాతో కాలువ గట్టుకు వచ్చే మిత్రుడు ఎదురొచ్చిన ప్రతి బండి నంబరునూ కూడి ఒంటి అంకెకు దించుతాడు. తొమ్మిది తేలితే ఆ పూటకు ముఖం వెలిగిపోతుంది. నా ఆట తాళం. చిన్నప్పుడు నేర్చుకుని మధ్యలో వదిలేసిన సప్తతాళ అలంకారాలను (కర్ణాటక సంగీతంలో ఏడు తాళాలకు ఒక్కొక్కటిగా ఉండే స్వరాభ్యాసాలు), అడుగుకు ఒక అక్షరం (తాళంలో ఒక లెక్క) చొప్పున, మనసులో పాడుకుంటూ నడవడం. కచేరీ చేసే ఉద్దేశం ఏమీ లేదు. ఇలాంటి పిచ్చే ఉన్నవాళ్లకు పనికొస్తాయని, ఎండాకాలం నుంచి రాసుకున్న వివరాలు ఇక్కడ పెడుతున్నాను.

ఎండాకాలం

ముందు నియమాలు. సమం, అంటే తాళం ఎత్తుకునే మొదటి అక్షరం, కుడికాలి మీద మొదలవ్వాలి. నోరు మెదపకూడదు. చెవుల్లో ఏమీ పెట్టుకోకూడదు: తాళం కోసం కాదు, వెనక వచ్చే లారీ కోసం. రోడ్డు దాటేటప్పుడు ఆట ఆగిపోతుంది. దాటాక, ఆగిన స్వరం ఏ కాలి మీద ఉందో ఆ కాలితోనే అందుకోవాలి.

చిక్కు చేతులతో వచ్చింది. తాళంలోని భాగాల్లో లఘువు పరవాలేదు, ఒక దెబ్బ వేసి చిటికెన వేలి నుంచి లెక్కపెట్టుకోవచ్చు. తొడ పక్కనే చెయ్యి ఉంచుకుంటే ఎవరికీ కనపడదు. ద్రుతంలో (రెండక్షరాల భాగం) మాత్రం దెబ్బ వెంటనే అరచెయ్యి తిప్పి విసరాలి. రోడ్డు పక్కన నిలువునా నడిచే మనిషి అలా చెయ్యి విసిరితే ఆటోలు ఆగుతాయి. ఒకాయన ‘ఎక్కడికి సార్’ అని అడిగి, నా జవాబు వినకుండానే సీటు దులిపాడు. దాంతో చేతికి తాళం పని తీసేసి ఆవర్తనాల (ఆవర్తనం అంటే తాళం ఒక పూర్తి చుట్టు) లెక్క అప్పగించాను. తాళాన్ని కాళ్లే చూసుకుంటాయి.

ఆవర్తనాల లెక్కకు మా తాతగారు జపానికి వాడిన కరమాల చక్కగా సరిపోయింది. ఉంగరపు వేలి నడిమి కణుపు దగ్గర మొదలుపెట్టి, దాని కింది కణుపు, చిటికెన వేలి మూడు కణుపులు కింది నుంచి పైకి, తర్వాత ఉంగరపు వేలి కొస, మధ్య వేలి కొస, చూపుడు వేలి కొస, అక్కడి నుంచి కిందికి రెండు. మొత్తం పది. మధ్య వేలి కింది రెండు కణుపులు తాకకూడదు. బొటనవేలు ఒక్కటే కదులుతుంది. జేబులో చెయ్యి పెట్టుకుని కూడా చేయొచ్చు.

పదే ఎందుకంటే, అలంకారం ఆరోహణలో అయిదు వరసలు (సరిగమ నుంచి పదనిస దాకా), అవరోహణలో అయిదు. ఒక్కో వరస ఒక్కో ఆవర్తనం. అంటే తాళంలో ఎన్ని అక్షరాలుంటే దానికి పది రెట్లు అడుగులు. ధ్రువం 14 కాబట్టి 140. మఠ్యం 100, రూపకం 60, ఝంప 100, త్రిపుట 70, అట 140, ఏకం 40. ఏడూ కలిపితే 650.

ఈ సంఖ్య తేలిన రోజు నాకు భలే సంతోషం వేసింది. నా అడుగు సుమారు 75 సెంటీమీటర్లు. ఏడు అలంకారాలు ఒక్కసారి పూర్తయితే అర కిలోమీటరుకు పన్నెండు మీటర్లు తక్కువ. నిమిషానికి వంద అడుగుల నడకలో ఆరున్నర నిమిషాలు. ఆరుసార్లు పాడితే మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ, దాదాపు నలభై నిమిషాలు. నా రోజువారీ నడక అంతే. ఫోను చూడనక్కర్లేదు. పదివేల అడుగుల లక్ష్యం పెట్టుకున్నవాళ్లకు పదిహేనుసార్లు పాడి, పైన ఇంకొంచెం కావాలి. ఆ పదివేల లెక్క 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పుణ్యమా అని ప్రచారమైంది. దానికన్నా నా 650కి శాస్త్ర ప్రమాణం ఎక్కువని నా వాదన. మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.

వానాకాలం

అడుగు నిజంగా 75 సెంటీమీటర్లేనా అని చూసుకోవడానికి మా వీధి కరెంటు స్తంభాలు పనికొచ్చాయి. స్తంభానికి స్తంభానికి మధ్య నాకు నలభై అడుగులు. అంటే ఏకతాళ అలంకారం ఒక స్తంభం దగ్గర ఎత్తుకుంటే పక్క స్తంభం దగ్గర దిగుతుంది. మొదటి నాలుగు అలంకారాలకు 400 అడుగులు కాబట్టి ఝంప ముగిసేసరికి పదో స్తంభం పక్కన ఉండాలి. నాలుగడుగులు ముందే ముగిస్తే ఆ రోజు కాలు మందకొడిగా పడుతోందని అర్థం. స్తంభం దాటిపోతే అంగలు పెద్దవయ్యాయన్నమాట. బురద రోజుల్లో అసలు కుదరదు: గుంట తప్పించుకుంటూ వేసే చిన్న అడుగులు లెక్కను చెడగొడతాయి. గుంటల దగ్గర అడుగును కాక అక్షరాన్ని లెక్కలోకి తీసుకుంటాను. రెండు చిన్నడుగులకు ఒక స్వరం. సంప్రదాయ విరుద్ధమే, కాని మోకాళ్లు క్షేమం.

గొడుగు ఉంటే కరమాల ఎడమ చేతికి మారుతుంది. దీనికి అలవాటు పడటానికి తాళానికి పట్టినదానికంటే ఎక్కువ కాలం పట్టింది.

కార్తీకం

ఆట ముదిరింది ఇక్కడే. ఏడింటిలో త్రిపుట ఒక్కటే నా కాళ్లతో దాగుడుమూతలాడుతుందని గమనించాను. ‘సరిగ సరి గమ’, ఏడు. కుడికాలితో మొదలైన వరస కుడికాలితోనే ముగుస్తుంది కనుక రెండో వరస ఎడమకాలి మీద పడుతుంది. మిగతా ఆరూ సరిసంఖ్యలే, సమం కుడికాలిని వదలదు. మరి ఈ ఏడు తాళాలకు (వీటినే సూళాది తాళాలంటారు) అయిదేసి జాతుల చొప్పున ఉన్న 35 రూపాల్లో కాలు మార్చేవి ఎన్ని? జాతిని బట్టి లఘువుకు మూడు, నాలుగు (ఇదే చతురశ్రం), అయిదు, ఏడు, తొమ్మిది అక్షరాలు. నడుస్తూనే లెక్క వేశాను, రెండు మూడు పూటలు పట్టింది. మఠ్యంలోను, అటలోను రెండేసి లఘువులు కాబట్టి ఏ జాతిలోనూ బేసి రాదు. ధ్రువం, రూపకం, త్రిపుట, ఏకం చతురశ్రంలో తప్ప మిగతా నాలుగు జాతుల్లోనూ బేసే. ఝంప వీటికి ఎదురు: అనుద్రుతం (ఒకే అక్షరం ఉన్న భాగం) ఒకటి అడ్డం పడటం వల్ల చతురశ్రంలో మాత్రమే బేసి, నాలుగు, ఒకటి, రెండు కలిపి ఏడు. మొత్తం 17 బేసి, 18 సరి.

రెండో కాలం, అంటే అడుగుకు రెండు స్వరాలు, త్రిపుటలో ఇంకా తమాషాగా ఉంటుంది. ఏడు స్వరాల వరస మూడున్నర అడుగుల్లో అయిపోతుంది. తర్వాతి వరస కాలు గాలిలో ఉండగా ఎత్తుకోవాలి. మొదట్లో కాలు ఆ స్వరం కోసం ఎదురుచూస్తూ తడబడుతుంది. దీనికి మందు చూపును నేల మీద నుంచి తీసి దూరంగా నిలపడమే. పది వరసలకు 35 అడుగులు, అదీ బేసే. కనుక అట ఎత్తుకునే ముందు త్రిపుటను రెండుసార్లు పాడితేనే కుడికాలు తిరిగి దొరుకుతుంది. మూడో కాలం జోలికి వెళ్లలేదు. ఊపిరి కన్నా ముందు మనసు అలిసిపోతోంది.

ఇప్పుడు

కొద్ది వారాలుగా అటతాళం మీదే ఉన్నాను. ‘సరి,గ, స,రిగ, మ, మ,’. కామా ఉన్నచోట కొత్త స్వరం లేదు, పాతదే సాగుతుంది, కాని అడుగు మాత్రం పడాలి. పద్నాలుగు అడుగుల్లో ఇలాంటి ఖాళీ అడుగులు ఆరు. 3, 5, 7 కుడికాలివి. 10, 12, 14 ఎడమకాలివి. రెండో లఘువు నడుమ ‘రిగ’ రెండూ వెంటవెంటనే పడటంతో ఖాళీ ఒక కాలి నుంచి రెండో కాలికి బదిలీ అవుతుంది. ఎన్నేళ్లు కూర్చుని పాడినా తెలియనిది, నడిస్తే రెండో ఆవర్తనంలోనే మడమకు తెలిసింది. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలున్నవాళ్లు డాబా మీద వాళ్లచేత ఈ ఒక్క అలంకారం నడిపించి చూడండి. మొదటి కాలంలో, చెప్పుల్లేకుండా.

తరువాతి వంతు సంకీర్ణ జాతి ధ్రువానిది: ఆవర్తనానికి 29, ముప్పై అయిదింటిలోకీ పొడుగైనది. తొమ్మిది అక్షరాల లఘువుకు స్వరాలు ఎలా పేర్చాలో తేలక, ప్రస్తుతానికి జతితో, అంటే స్వరాల బదులు తాళపు పలుకులతో, నెట్టుకొస్తున్నాను: తకధిమి తకతకిట, తక, తకధిమి తకతకిట, తకధిమి తకతకిట. చదును నేల మీద నిలబడుతోంది. వంతెన ఎక్కేటప్పుడు మూడో లఘువులో ఊపిరి చాలడం లేదు కాబట్టి, వంతెన వరకు రూపకంలో వెళ్లి, దిగువన దీన్ని ఎత్తుకుంటున్నాను.