ఆదివారం మధ్యాహ్నం, బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్

ఈ రోజు పనులన్నీ అయ్యాక హాల్లో స్పీకర్ పెట్టి, ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ పూర్తిగా విన్నాను. ఎప్పుడూ ఆఫీసుకెళ్లే దారిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ముక్కలు ముక్కలుగా వినడమే. మొదట వాన చప్పుడు, ఉరుము, దూరంగా చర్చి గంట. అమ్మ వంటింట్లోంచి "ఏమే, వాన మొదలైంది, డాబా మీద బట్టలు తీసుకురా" అని కేకేసింది. పాటలో వాన అని చెప్పినా నమ్మలేదు. బాల్కనీలోకెళ్లి ఆకాశం చూసొచ్చి, నా పక్కనే కూర్చుంది.

అప్పటికి గిటార్ మొదలైంది. మూడే స్వరాలు, బాగా నెమ్మదిగా. అమ్మ పెళ్లికి ముందు కొన్నేళ్లు సంగీతం నేర్చుకుంది. కాసేపు విని, "సా, పై సా, ప్రతిమధ్యమం" అని సన్నగా పాడింది. ఒళ్లు జలదరించింది నాకు. ఇన్నేళ్లుగా వింటున్నా ఆ స్వరాలకి మన పేర్లు పెట్టుకుని ఎప్పుడూ చూడలేదు. సా నుంచి ప్రతిమధ్యమానికి ఉన్న దూరాన్ని పాశ్చాత్యులు ట్రైటోన్ అంటారు, దానికి దెయ్యం పేరు కూడా తగిలించారు. మనకేమో అదే ప్రతిమధ్యమం కల్యాణిలో ఉంది, పెళ్లిలో నాదస్వరం మీద హాయిగా వింటాం. మరి ఇక్కడ ఎందుకింత భయంగా ఉందని అడిగితే, "అక్కడ ఆగితే చెవి పంచమం కోసం చూస్తుంది. ఇతను కుదురుకోనివ్వట్లేదు" అంది. నాకు ఇంతకన్నా మంచి వివరణ ఎక్కడా దొరకలేదు. బేస్ వాయించే గీజర్ బట్లర్ ఆ రోజుల్లో హోల్స్ట్ అనే స్వరకర్త ఆర్కెస్ట్రాకి రాసిన 'మార్స్' వాయిస్తుండేవాడట, ఆ మూడు స్వరాలకి మూలం అక్కడుంది.

ఈ బ్యాండ్ అనగానే దెయ్యాల సంగతి అందరూ చెప్పేదే. నాకు ఈ రికార్డులో ముందు వినిపించేది బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్, ఫ్యాక్టరీల పేట. నలుగురూ అక్కడి పనివాళ్ల ఇళ్ల పిల్లలే. పాటలు పాడే ఆజీ ఆస్బోర్న్ కబేళాలో పనిచేశాడు. గిటారిస్ట్ టోనీ ఐయోమీ రేకుల ఫ్యాక్టరీలో వెల్డర్. పదిహేడేళ్ల వయసు, ఫ్యాక్టరీలో అదే చివరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్లనంటే, వాళ్లమ్మ పని పూర్తి చేసి రమ్మంది. ఆ రోజు రేకులు నొక్కే ప్రెస్ యంత్రం నడిపే మనిషి రాలేదని అలవాటు లేని ఇతన్ని అక్కడ నిలబెట్టారు. కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం మనిషి, అంటే తీగలు నొక్కాల్సిన వేళ్లే అవి. రెండు వేళ్లు సరిగా పనిచేయని జాంగో రైన్‌హార్ట్ గిటార్ రికార్డును ఫోర్‌మన్ తెచ్చి వినిపించాడు. ఐయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, వాటిపైన తోలు అతికించాడు. గట్టి తీగలు నొక్కలేక బ్యాంజో తీగలు బిగించాడు. ఆ బరువైన శబ్దం వెనక ఇలాంటి చెయ్యి ఉందని తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

1969 అక్టోబర్‌లో లండన్ రీజెంట్ సౌండ్ స్టూడియోలో దాదాపు అంతా ఒక్క రోజులో రికార్డు చేశారు. మధ్యలో ఐయోమీ స్ట్రాటోకాస్టర్ గిటార్‌లో తీగల శబ్దాన్ని అందుకునే పికప్ చెడిపోతే, గిబ్సన్ ఎస్‌జీ అనే ఇంకో గిటార్ అందుకున్నాడు. వాన, గంట తర్వాత కలిపినవి. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం విడుదలైంది. అమెరికా సంగీత పత్రిక రోలింగ్ స్టోన్‌లో విమర్శకుడు లెస్టర్ బ్యాంగ్స్ తీసిపారేశాడు, అయినా బ్రిటన్ చార్ట్‌లో 8వ స్థానం దాకా వెళ్లింది.

'ది విజర్డ్'లో మౌతార్గాన్ రాగానే అమ్మ తల ఊపింది. ఎన్.ఐ.బి. అనే పాట దాకా కూర్చుని, పప్పు మాడుతుందని లేచింది.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అదే ఏడాది వచ్చిన వీళ్ల రెండో ఆల్బమ్ పారనాయిడ్ ముందు ఇదెంత?" అన్నాడు. అందులోని వార్ పిగ్స్, ఐరన్ మ్యాన్ పాటలు గొప్పవే, కాదనను. కానీ మొదటి ఆల్బమ్‌లో వీళ్లింకా బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల పాటల బాణీ) బ్యాండే. ఎర్త్ అనే పేరుతో క్లబ్బుల్లో వాయించిన అలవాటు పోలేదు. చివర్లో 'వార్నింగ్' వినాలి. ఐన్స్‌లీ డన్‌బార్ బృందం పాట అది, ప్రేమలో ఓడిపోయినవాడి గోడు. వీళ్ల చేతిలో పది నిమిషాలకి పెరిగింది. ఒక దగ్గర డ్రమ్స్, బేస్ ఆగిపోతాయి, గిటార్ ఒక్కటే తిరుగుతుంటుంది, ఎటు పోవాలో దానికే తెలియనట్టు. మళ్లీ డ్రమ్స్ వాయించే బిల్ వార్డ్ జాజ్ ఊపుతో వచ్చి కలుస్తాడు. పొందిగ్గా ఉండదు, కొన్నిచోట్ల సాగదీసినట్టే ఉంటుంది. నాకు అదే కావాలి. ఒక సంగీతం ఇంకో సంగీతంగా, బ్లూస్ కాస్తా హెవీ మెటల్ అనే బరువైన రాక్‌గా మారుతుంటే అక్కడే నిలబడి విన్నట్టుంటుంది. పారనాయిడ్‌కి వచ్చేసరికి ఆ మార్పు అయిపోయింది.

తమ్ముడు ఒప్పుకోలేదు. ముందు 'వార్నింగ్' మధ్యలో ఆపకుండా విను, తర్వాత వాదించు అని ఫోన్ పెట్టేశాను.