మిషిగన్‌లో మన పీఎస్ మేడం బకెట్

మన హాస్టల్ బడి సావనీర్ (జ్ఞాపకాల పుస్తకం) కమిటీ నుంచి ఫోన్. (కమిటీ అంటే మన లీడరమ్మే, ఇంకెవరుంటారు.) "నువ్వు అమెరికా పోయొచ్చినవ్ కదా, అది రాయి, రెండు పేజీలు దాటొద్దు" అని ఆర్డర్ వేసి పెట్టేసింది. మూడో డార్మెటరీ, సగం గుడ్డు కేసు, రెండో ఫ్లోర్ దయ్యం గురించి ఎట్లాగూ తలా ఒకరు రాస్తారు కాబట్టి నేను పీఎస్ (ఫిజికల్ సైన్స్) మేడం గురించి రాస్తున్నా. అమెరికా మధ్యలో వస్తుంది.

మీకు గుర్తుండే ఉంటుంది, స్టడీ అవర్‌లో మేడం వంటింటి నుంచి బకెట్ తెప్పించి, బోరు నీళ్లు పోయించి, అందులో సున్నం, పటిక, చిటికెడు బ్లీచింగ్ పౌడర్ వేయించేది. మొదట ఒక నిమిషం గిరగిరా తిప్పాలి, తర్వాత పది నిమిషాలు మెల్లగా. చేతులు నొప్పి పుట్టి ఆపితే "ఏమే, బువ్వ తినలేదా?" అని అరుపు. గంట తర్వాత తెల్లటి తెట్టె అడుక్కి దిగేది. మన నీళ్లలో ఎక్కువై ఎముకల్ని వంచేసే ఫ్లోరైడ్ దాంతో పాటే దిగుతుందని, ఇది నాగపూర్ నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) సైంటిస్టులు కనిపెట్టిన పద్ధతని, దీని పేరే నల్లగొండ టెక్నిక్ అని చెప్పేది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న కూడా కాదు. అయినా మేడం వదిలేది కాదు.

పది అయ్యాక 2019 ఆగస్టులో కెన్నెడీ-లూగర్ యెస్ ప్రోగ్రాం (అక్కడివాళ్ల ఇంట్లో ఉండి ఏడాది బడికి పోయే స్టూడెంట్ ఎక్స్‌ఛేంజ్) కింద మిషిగన్‌లోని ఒక చిన్న ఊరికి పోయాను. ఖర్చంతా అమెరికా ప్రభుత్వానిదే, హోస్ట్ ఫ్యామిలీకి మాత్రం ఎవరూ డబ్బులివ్వరు. "పైసా తీసుకోకుండా పరాయి పిల్లకు ఏడాదంతా అన్నం ఎవరు పెడతరు?" అని మా నాన్న విమానం ఎక్కే దాకా అడుగుతూనే ఉన్నాడు. పెట్టారు. పప్పు వండటం కూడా నేర్చుకున్నారు పాపం.

హైస్కూల్ అంటే పసుపు బస్సు, లాకర్, గంట కొట్టగానే మనమే ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకు ఉరకడం. లాకర్ తాళానికి చెవి ఉండదు, అంకెలు కుడికి తిప్పి, ఎడమకు తిప్పి, మళ్లీ కుడికి తిప్పాలి. మన ట్రంకు పెట్టె తాళమే నయం, హెయిర్ పిన్నుతో వచ్చేది (ఎవరు తీసేవాళ్లో నేను చెప్పను). నవంబర్ 15న జింకల వేట మొదలవుతుందని ఆ రోజు బడికి సెలవిచ్చారు. వేటకు సెలవు! మనకు వాన పడి కరెంటు పోయినా స్టడీ అవర్ తప్పేది కాదు.

అసలు సంగతి కెమిస్ట్రీ క్లాసులో. టీచర్ మామూలుగా చెప్పుకుంటూ పోతున్నాడు: పళ్లు పుచ్చిపోకుండా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతారు, 1945లో ప్రపంచంలోనే మొదట ఈ పని చేసింది మన మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్, ఇప్పుడు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. నేను చెయ్యెత్తి "కలుపుతారా?" అన్నాను. రెండుసార్లు అడిగాను. మా దగ్గర తీయడానికి చస్తున్నాం సార్ అని చెబితే, ఆయన పాఠం ఆపి నన్నే బోర్డు దగ్గరికి రమ్మన్నాడు.

నవంబర్‌లో ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ వీక్ అని ఉంటుంది, మేం మన దేశం గురించి ప్రెజెంటేషన్ ఇవ్వాలి. అందరిలాగే చీర, సమోసా అనుకున్నదాన్ని బకెట్‌కు మారిపోయా. హోస్ట్ అమ్మ సూపర్‌మార్కెట్‌కు తీసుకెళ్తే పటిక ఎక్కడ దొరికిందో తెలుసా? మసాలా డబ్బాల వరసలో! దోసకాయ పచ్చడికి వాడతారట. సున్నం కూడా పచ్చళ్ల సామాను దగ్గరే. టీచర్ సోడియం ఫ్లోరైడ్ కలిపిన నీళ్లు తయారు చేసిచ్చాడు. ఇద్దరు ఫుట్‌బాల్ పిల్లల్ని పిలిచి తిప్పమన్నాను. మూడో నిమిషానికే ఆపేశారు. నా నోట్లోంచి ఏం వచ్చిందో మీరే ఊహించుకోండి, తెలుగులోనే వచ్చింది.

తెట్టె దిగేలోపు మర్రిగూడ దిక్కున్న మా తాత ఫోటో చూపించా, నడుం వంగిపోయి మెడ తిప్పలేక కూర్చున్న ఫోటో. "మరి ఆ ఊరు వదిలి వెళ్లిపోవచ్చు కదా?" అని ఒక పిల్ల అడిగింది. భూమి అక్కడుంటే ఎక్కడికి పోతారు అన్నాను. ఇంకెవరూ ఏమీ అడగలేదు. టెస్ట్ కిట్‌తో చూస్తే ఫ్లోరైడ్ బాగా తగ్గింది. టీచర్ బోర్డు మీద 'నల్లగొండ' అని రాశాడు, స్పెల్లింగ్ నన్నడిగి.

2020 మార్చిలో కరోనాతో ప్రోగ్రాం మధ్యలో ఆపేసి మమ్మల్ని ఇండ్లకు పంపేశారు. ప్రామ్ (బడి ఏడాది చివర్లో చేసే డాన్స్ పార్టీ) లేదు, ఏమీ లేదు. 22 నుంచి విమానాలు బంద్, దానికి ముందే వచ్చి పడ్డా.

ఇంటర్, డిగ్రీ వదిలేయండి, చెప్పుకునేంత ఏం లేదు. ఇప్పుడు నీళ్ల పరీక్షల ల్యాబ్‌లో చేస్తున్నా. మా అమ్మ ఊళ్లో "నీళ్ల డాక్టర్" అని చెప్పుకుంటోంది, నేను వద్దనడం లేదు.

పోయిన ఎండాకాలం పీఎస్ మేడం స్వయంగా ల్యాబ్‌కు వచ్చింది. ఇంటి బోరు నీళ్లు ప్లాస్టిక్ బాటిల్‌లో తెచ్చి, అదే నీళ్లతో రెండుసార్లు కడిగే పట్టానని నేను అడగకముందే చెప్పింది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది, తాగొద్దని రాసి సంతకం పెట్టి రిపోర్ట్ ఇచ్చాను. మిషిగన్ కథ మొత్తం విన్నాక మేడం ఒకటే అడిగింది: "ఆ పోరగాళ్లతో పది నిమిషాలు తిప్పించినవా లేదా?"

తిప్పించాను మేడం. మిగిలిన ఏడు నిమిషాలు నేనే తిప్పాను.