మా అటక మీది ఒరలు బొబ్బిలి యుద్ధానివి కావు

బొబ్బిలి చుట్టుపక్కల ఏ ఇంట్లో పాత కత్తో ఒరో దొరికినా అది 1757 యుద్ధానిదే అంటారు. మా ఇంట్లోనూ అంతే. అటక మీద తాతగారి ట్రంకుపెట్టెలో రెండు ఒరలున్నాయి, కత్తులు లేవు. తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిగా బర్మా వెళ్లొచ్చిన మనిషి. ఆయన మోసిన వస్తువేదైనా ఉంటే అది ఆయన పేరుతోనే ఉండాలని నా పట్టుదల. అందుకే వాటి సంగతి తేల్చడానికి కూర్చున్నాను.

ముందు చిన్నది. నల్ల తోలు, మూతికి ఇనుప తొడుగు, కొసన రోకలికి ఉన్నట్టు ఇనుప పొన్ను. బయట కొలిస్తే లాభం లేదు, లోపల పట్టే కత్తి పొడవు తెలియాలి. సన్నటి వెదురు బద్దను మెల్లగా దింపి, మూతి దగ్గర గీత పెట్టి కొలిస్తే 17 అంగుళాలకు కాస్త పైన వచ్చింది. ఎక్కడా ఒరుసుకోలేదు, అంటే కత్తి తిన్ననిది.

మూతి తొడుగు మీద చిన్న గుబ్బ ఉంది, రింగులు మాత్రం లేవు. మా వీధిలో ఉండే రిటైర్డ్ సుబేదారు గారికి చూపిస్తే నేరుగా ఆ గుబ్బ మీదే వేలు పెట్టారు. "ఇది గుర్రం మీదోడిది కాదు బాబూ, నడిచేవోడిది. నడుం బెల్టుకి తోలు పట్టీ ఉంటాది. దాని చిల్లులో ఈ గుబ్బ తగిలిస్తే పరిగెత్తినా ఒర జారదు" అన్నారు. భూతద్దం పెట్టి చూస్తే తోలు మీద బాణం గుర్తు, దాని కింద ఇంగ్లీషు ఐ అక్షరం కనిపించాయి. బాణం సర్కారు సొత్తుకి వేసే ముద్ర. ఐ ఉంటే ఇండియాది.

అన్నీ కలిపితే అది 1907 నమూనా బయొనెట్ ఒర, అంటే తుపాకీ మొనకు తగిలించే కత్తిది. అప్పటి బ్రిటిష్ సైన్యపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను పొట్టిగా చేశాక పోటు దూరం తగ్గుతుందని, అప్పటిదాకా ఉన్న 12 అంగుళాల బయొనెట్ తీసేసి 17 అంగుళాలది తెచ్చారు. జపాన్ సైన్యం బయొనెట్‌ను చూసే దాన్ని తయారుచేశారు. చివరికి బర్మాలో మనవాళ్లు దాన్ని పట్టుకుని ఆ జపాన్ వాళ్లతోనే తలపడ్డారు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. యుద్ధం నడుస్తుండగానే ఇండియాలో కత్తిని మళ్లీ 12 అంగుళాలకు కుదించారు. మాది పొడుగు రకానిది.

రెండోది త్వరగానే తేలింది. నికెల్ పూత పూసిన తిన్నని ఉక్కు ఒర, కాస్త ఎడంగా రెండు రింగులు, లోపల దాదాపు 32న్నర అంగుళాలు. ఇది 1897 నమూనా పదాతిదళ ఆఫీసరు కత్తికి సరిపోయింది. బెల్టు నుంచి వార్లతో వేలాడదీసేది, అంటే పెరేడ్ కోసం. యుద్ధానికి వెళ్లే ఆఫీసర్లకు గోధుమరంగు తోలు తొడిగిన చెక్క ఒర వేరే ఉండేది. ఇది సిపాయి కట్టుకునేది కాదు కాబట్టి దీని చీటీ మీద తాతగారి పేరు రాయలేదు.

మీ ఇంట్లో ఇలాంటివి ఉంటే, ముద్రలు వెతికి ఫొటోలు తీసుకునేదాకా చింతపండు, ఇసుక కాగితం దగ్గరికి రానివ్వకండి. తోలు ఒర దొరికితే బలవంతంగా వంచి చూడకండి, కుట్లు తెగిపోతాయి.